చేబ్రోలులో దింపేసిన మనిషి

మా మావయ్య పోయిన కబురు నాకు షాపులో అందింది. తెనాలిలో నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. ఆ ఉదయం మొదటి కారును లిఫ్టు మీదకెక్కించి ముందు చక్రాలకు సెన్సర్లు బిగిస్తుంటే రేపల్లె నుంచి అత్తయ్య ఫోన్ చేసింది.

"మీ మావయ్య పోయాడమ్మాయ్. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అంది. గొంతులో వణుకు లేదు. నేను ఏడుపు అందుకునేలోపే, "ఆ రొయ్యలాయన పెద్దకారు మళ్ళీ నీ దగ్గరికి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

మొగుడు పోయిన గంటలో ఎవరి కారు గురించో అడిగిన మనిషిని మీరేమనుకుంటారో నాకు తెలుసు. మా అత్తయ్యకు మతి చలించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె మనసులో ఒకటే ప్రశ్న ఉంది. మావయ్య ప్రాణం పెట్టుకున్న ఆ వేగంలో ఏముంది? కట్టుకున్న భార్యను రోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయేంతగా అందులో ఏముంది? ఆయన బతికుండగా ఆమె ఆ మాట ఆయన్ని అడగలేదు. నన్ను అడిగింది, మా అమ్మను అడిగింది, ఆయన్ని మాత్రం అడగలేదు. ఇక ఆ మనిషే లేడు కాబట్టి తానే ఆ కారులో కూర్చుని చూసుకోవాలనుకుంది.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. మావయ్య గురించి అలా రాస్తే మొదట ఒప్పుకోనిది ఆయనే. ఆయన మంచివాడు కాదు. నాకు మంచి చేశాడు. ఈ రెండూ వేరు వేరు సంగతులని నాకు నలభై దాటాక గానీ అర్థం కాలేదు. ఈ షాపు, ఈ చేతులు, ఒక కారును వీధి చివరిదాకా నడిపి వచ్చి దాని జబ్బేమిటో చెప్పగలిగే ఈ వీపు, అన్నీ ఆయన ఇచ్చినవే. ఆయన లేకపోతే నేను ఏ ఆఫీసులోనో బల్ల ముందు కూర్చుని ఆవలిస్తూ ఉండేదాన్ని.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. రేపల్లెలో లూథరన్ కుటుంబం మాది. తాతయ్య బడిలో గుమాస్తా. కొడుకు టీచరవుతాడని ఆశపడ్డాడు. కొడుకేమో ఇరవై నిండగానే ఎక్కడో దూరాన ఒక టైర్ల కంపెనీలో డ్రైవరుగా చేరి, నాలుగేళ్ళు తిరిగేసరికి టెస్ట్ డ్రైవరయ్యాడు. కొత్త టైరు బజారులోకి రాకముందు దాన్ని చంపడానికి ప్రయత్నించడమే ఆ ఉద్యోగం. ఊరికి దూరంగా కోడిగుడ్డు ఆకారంలో ఒక ట్రాక్ ఉంటుంది. మలుపుల దగ్గర రోడ్డు బాణలి అంచులా పైకి వాలి ఉంటుంది. విదేశాల నుంచి తెప్పించిన పెద్ద పెద్ద కార్లకు ఆ టైర్లు తొడిగి, అవి ఓడిపోయేదాకా తిప్పుతూనే ఉండాలి. రెండు మూడు నెలలకోసారి సెలవు మీద రేపల్లె వచ్చేవాడు. వచ్చిన రోజు భోజనాల దగ్గర మేమందరం ఆయన చుట్టూ చేరేవాళ్ళం. అత్తయ్య ఒక్కతే వడ్డిస్తూ ఉండేది.

ఆయన చెప్పేది గొప్పగా ఉండేది కాదు, లెక్కల మాస్టారు పాఠం చెప్పినట్టు ఉండేది. "వందలో కారు నీది. నువ్వు చెప్పినట్టు వింటది. నూట ఎనభైలో కారు గాలిది. నువ్వు అడిగి తీసుకోవాలి," అనేవాడు. నూట ఎనభై దాటాక ఇంజను మోత గాలి హోరులో మునిగిపోతుందట. ఇంజను ఉందని పాదానికి తెలుస్తుంది గానీ చెవికి తెలియదట. నాసిరకం కారైతే గాలి ముక్కు కిందికి దూరి ముందు చక్రాలను లేపుతుంది. స్టీరింగు తేలికైపోతుంది, పట్టుకున్నా పట్టుకోనట్టే ఉంటుంది. మంచి కారైతే గాలి దాన్ని నేలకు నొక్కుతుంది, వేగం పెరిగేకొద్దీ చేతిలో బరువు పెరుగుతుంది. "రెండొందల యాభైలో చెయ్యి తిప్పకూడదు. తిప్పుదామని అనుకోవాలి, అంతే. ఆ అనుకున్నది చాలు," అనేవాడు. ఆ వేగంలో దగ్గరివి ఏవీ కనపడవు. పక్కన గడ్డి, కంచె, మైలురాళ్ళు అన్నీ కలిసి రెండు పచ్చటి చారలైపోతాయి. దూరాన రోడ్డు ఎక్కడ చిన్నదవుతుందో అక్కడ మాత్రమే లోకం మిగులుతుంది. వాలు మలుపులోకి దిగితే తల బరువెక్కి మెడలోకి కుంగిపోతుంది, చెంపలు కిందికి జారతాయి.

ఒకసారి ఇలాగే చెబుతూ, తన తోటి డ్రైవరు ఒకాయన నడుపుతుంటే వెనక టైరు పొరలు పొరలుగా ఊడిపోయి కారు కంచె దాటిన సంగతి చెప్పాడు. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు. మధ్యాహ్నం మావయ్య అదే టైర్ల మీద ఇంకో కారు తీశాడట, ఎందుకు ఊడిందో తెలియాలి కదా అన్నాడు. చారు పోస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది. "ఆ రోజు అన్నం తిన్నారా?" అని అడిగింది. "తిన్నాను. ఏం?" అన్నాడు. ఆమె ఏమీ లేదని మిగిలిన చారు పోసింది.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయనే డ్రైవింగ్ నేర్పాడు. బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, మా నాన్న కొత్తగా కొన్న చిన్న కారులో. మొదటి రోజే మా నాన్న కళ్ళముందే సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లను కత్తితో చీరేశాడు. మా వైపు కారు కొంటే ఏడాదిదాకా ఆ కవర్లు తియ్యరు. పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినప్పటి కవర్లే అవి, నాన్న మొహం మాడిపోయింది. "ప్లాస్టిక్ మీద జారుతా కూర్చుంటే దాని వీపు కారు మాట వినేదెట్టా బావా?" అన్నాడు మావయ్య. తర్వాత నా కాళ్ళవైపు చూసి, "విప్పు," అన్నాడు. చెప్పులు విప్పాను. వాటిని కిటికీలోంచి కాలవలోకి విసిరేశాడు. మందపాటి అట్టలతో పెడలు తొక్కితే పాదం గుడ్డిదైపోతుందని ఆయన నమ్మకం. నేను ఆ రోజు వట్టి కాళ్ళతో ఇంటికొచ్చాను.

చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉండేది. స్టీరింగు గట్టిగా పట్టుకుంటే దాని పిడితో కణుపుల మీద కొట్టేవాడు. "పిసక్కే. అన్నం ముద్ద పట్టుకున్నట్టు పట్టుకో. చితక్కూడదు, రాలకూడదు." మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తేస్తే ఇంకా గట్టి దెబ్బ. కాలు ఎత్తగానే బరువంతా ముందుకు పోయి వెనక చక్రాలు తేలిపోతాయి, నిదానంగా పోయేటప్పుడు తెలియదు గానీ వేగంలో అయితే వెనక భాగం నిన్ను దాటి ముందుకొచ్చేస్తుందని నాకు అప్పుడే, ఏడుస్తూనే అర్థమైంది. ఏడిస్తే ఊరుకునేవాడు కాదు. "ఏడుపుతో కళ్ళు మసకేస్తాయి. ఏడవాలంటే దిగి ఏడువు," అనేవాడు.

దిగు. ఆయనకు బాగా అలవాటైన మాట అదే. బంధువుల్లో కారులో ఆయన పక్కన కూర్చుని ఈ మాట పడనివాళ్ళు లేరు. మా చిన్నాన్న కారంచేడు పొలాల మధ్య దిగాడు. ఆయనకు సొంత అక్కే అయిన మా అమ్మ ఈపురుపాలెం సెంటరులో దిగింది. ఎవరైనా అమ్మో అన్నా, ముందు డాష్‌బోర్డు పట్టుకున్నా, మెల్లగా పోనివ్వమన్నా ఆయన వాదించేవాడు కాదు, అరిచేవాడు కాదు. కారు పక్కకు ఆపి, అటు వంగి తలుపు తెరిచేవాడు. "భయపడటం తప్పు కాదు. భయపడి కూర్చోవడం తప్పు," అనేవాడు. మిగతావాళ్ళు తిట్టుకుని మర్చిపోయారు. తర్వాత్తర్వాత అది ఇంట్లో నవ్వుకునే కథ అయింది.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. వాళ్ళ పెళ్ళైన రెండో ఏడు అది. తెనాలిలో స్నేహితుడి కారు తీసుకుని, గుంటూరులో ఎవరిదో పెళ్ళికి ఇద్దరే బయల్దేరారు. ఆమె పట్టుచీర కట్టుకుంది, తలనిండా మల్లెలు పెట్టుకుంది. చేబ్రోలు వస్తుండగా ఎదురుగా లారీ, పక్కన ఎడ్లబండి, ఈయన ఆ రెంటి సందులోంచి కారును దూర్చాడు. "ఏవండీ, భయమేస్తోంది, కాస్త మెల్లగా పోనివ్వండి," అంది. ఊళ్ళో బస్సులాగే చోట ఆపాడు. తలుపు తెరిచాడు. ఆమె అర్థంకాక నవ్వింది కూడా. "దిగు," అన్నాడు. దిగింది. కారు వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తాడని కాసేపు నిలబడింది. అక్కడున్న ఆడవాళ్ళు ఏమైందమ్మా అని అడిగారు. చివరికి వాళ్ళలో ఒకామె గుంటూరు బస్సెక్కించింది. పెళ్ళి ఇంటికి చేరేసరికి ఈయన భోంచేసి, తాంబూలం వేసుకుని, పందిరి కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "వచ్చావా," అన్నాడట. ఆ ఒక్క మాటే.

ఆ రోజు నుంచి ఆమె ఆయన నడిపే ఏ కారూ ఎక్కలేదు. ఇద్దరూ ఒకే పెళ్ళికి, ఒకే ప్రార్థన కూడికకు వెళ్ళేవాళ్ళు. ఆయన కారులో, ఆమె బస్సులో. కొన్నిసార్లు ఆయన ఆ బస్సు వెనకే నడుపుకుంటూ వచ్చేవాడు, దాటిపోయే వీలున్నా దాటకుండా. అది ప్రేమా పంతమా అని మా అమ్మ తల పట్టుకునేది. ఆమె బస్సులో వెనక సీటులో కూర్చుని కూడా తిరిగి చూసేది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. సాయంత్రాలు నేను వెళితే, "నీకు తెలుసు కదా, చెప్పు. ఏముంది అందులో?" అని అడిగేది. నేను బరువు, గాలి, టైరు పట్టు అని ఏదో చెప్పబోయేదాన్ని. "అది కాదు," అని పెదవి విరిచేది.

ఆయన రిటైరై ఇంటికొచ్చిన కొన్నేళ్ళకు షుగరు కళ్ళ మీదకొచ్చింది. ఆపరేషన్లు చేశారు, సూదులు వేశారు. మసకగా మొదలై మొత్తానికి చీకటైపోయింది. మైలు దూరంలో రోడ్డు మీది నీటి చెమ్మను పసిగట్టిన కళ్ళు ఎదుట పెట్టిన ఇడ్లీని వెతుక్కునేవి. పాదాల్లో స్పర్శ కూడా పోయింది. దేవుడు ఏరి ఏరి తీసుకున్నాడని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆదివారాలు అత్తయ్యే ఆయన చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించేది. ఒకసారి నేను వాళ్ళ వెనకే వెళ్ళాను. ఆమె వేగంగా నడుస్తోంది. ఎప్పుడూ అంత వేగంగా నడవదు. గతుకులు చెప్పడం లేదు, మెట్లు చెప్పడం లేదు. ఆయన తడబడుతూ, రెండో చేత్తో గాలిని తడుముతూ, "మెల్లగా, మెల్లగా నడువు," అన్నాడు. ఆమె టక్కున ఆగింది. ఆయన చెయ్యి వదిలేసింది. నడిరోడ్డు మీద ఒంటరిగా నిలబెట్టి, "భయమేస్తోందా?" అని అడిగింది. అటుపక్క స్కూటరు, ఇటుపక్క ఆటో హారన్లు కొడుతున్నాయి. ఆయన కదల్లేక అలాగే నిలబడ్డాడు. కాసేపాగి ఆమే మళ్ళీ చెయ్యి పట్టుకుని అదే వేగంతో నడిపించింది. నేను చూశానని ఆమెకు తెలుసు. ఏమీ దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నం వరండాలో ఆయన పక్కన కూర్చుని, అత్తయ్యను ఆ రోజు ఎందుకు దింపేశావని అడిగేశాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఎందుకేంటే? భయమేస్తోందని అంది కదా."

"అంటే దింపేస్తావా?"

"ట్రాక్ మీద అదే పద్ధతి. పక్కన మీటర్లు చూసేవాడు ఒకడు కూర్చుంటాడు. వాడికి భయమేస్తే చెయ్యెత్తుతాడు, అంతే. మేము నిదానంగా కాలు తీసి, లోపలికి తెచ్చి, తలుపు తెరుస్తాం. ఎందుకని అడగం. నవ్వం. తర్వాత కూడా ఆ మాట ఎత్తం. టీ ఇప్పిస్తాం. అంతకంటే మర్యాద ఇంకేముంటుంది?"

"మరి చేబ్రోలులో అత్తయ్యకి టీ ఎవరిచ్చారు మావయ్యా?"

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఆ చప్పుడు వైపు మొహం తిప్పాడు. పెళ్ళాన్ని ట్రాక్ మీద తోటి ఉద్యోగిలా చూసుకుని, అదే గౌరవమనుకుని ముప్పై ఏళ్ళు గడిపిన మనిషిని ఏం చెయ్యాలో నాకు తోచలేదు. లోపలికి వెళ్ళి ఈ మాట అత్తయ్యకు చెప్పాను. "అయితే మర్యాద చేశాడన్నమాట," అని గిన్నె బోర్లించింది.

రొయ్యలాయన కారు వచ్చింది ఆ వేసవిలోనే. రేపల్లె అవతల ఆయనకు చెరువులున్నాయి, ఎగుమతులున్నాయి. నాలుగు తలుపుల జర్మన్ కారు, నేలకు కరుచుకుని ఉంటుంది, చక్రాలు పెద్దవి, టైర్లు పల్చనివి. దాన్ని చెరువు గట్ల మీద తిప్పి, ఉప్పుబోరు నీళ్ళతో కడిగి కడిగి బ్రేకు డిస్కులకు తుప్పు పట్టించాడు. మంచినీళ్ళతో కడగండి బాబాయ్ గారూ అని చెప్పి, డిస్కులు మార్చి, చక్రాలు సరిచేశాను. వేగంలో ఎడమకు లాగుతోందని ఆయన గొడవ. నడిపి చూసి రమ్మని తాళాలు నాకే ఇచ్చాడు. బాపట్ల పక్కన కొత్త బైపాస్ ముక్క ఒకటి పూర్తయి, ఇంకా బండ్లు వదలకుండా ఖాళీగా పడి ఉంది. ఒక వైపు దారి మొత్తం రైతులు మొక్కజొన్న ఆరబోసుకున్నారు. రెండో వైపు ఖాళీ. కాపలాదారును అడిగితే ఒప్పుకున్నాడు.

ఈ సంగతి ఫోనులో విన్నప్పటి నుంచి మావయ్య నన్ను బతిమాలడం మొదలుపెట్టాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. "ఒక్కసారే. పక్కన కూర్చుంటా. మాట్లాడను," అన్నాడు. నేను కాదనలేకపోయాను.

ముందు నిదానంగా ఆ చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాం, కిటికీలు దించి, గింజలు గానీ రాళ్ళు గానీ పడి ఉన్నాయేమో చూసుకుంటూ. అది ఆయన నేర్పిన పద్ధతే. వేగంగా వెళ్ళబోయే రోడ్డును ఒకసారి నడిచినట్టు వెళ్ళి చూడాలి. తర్వాత అద్దాలు ఎత్తి, "ఇక పోనీ," అన్నాడు. తొక్కాను. వీపులు సీటుకు అతుక్కుపోయాయి. ఆయన మొహం విప్పారింది. వంద దాటింది. అరచేతులు తొడల మీద పెట్టుకుని, గడ్డం ఎత్తి కూర్చున్నాడు. ఎన్నేళ్ళకో పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల మొహంలా ఉంది అది.

నూట నలభై దగ్గర రోడ్డు అతుకులు మొదలయ్యాయి. నాకు అవి ముందే కనిపిస్తున్నాయి, ఒళ్ళు సిద్ధమవుతోంది. ఆయనకు ప్రతి కుదుపూ చెప్పకుండా వచ్చి మీద పడుతోంది. మొదటి అతుక్కు భుజాలు బిగిశాయి. రెండోదానికి పాదాలు కింద మ్యాటు మీద బ్రేకు కోసం వెతకడం మొదలెట్టాయి. వంతెన మీద చెట్ల అడ్డు తప్పిపోయి పక్కగాలి కారును ఒక్క జాన అటు నెట్టింది. అంత వేగంలో అది మామూలే, వేలితో సరిచేస్తే చాలు. ఆయన నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. అలాంటి చప్పుడు ఆయన దగ్గర నేనెన్నడూ వినలేదు. తర్వాత కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి ముందుకు చూపిస్తూ.

నేను నిదానంగా కాలు తీశాను. పక్కకు ఆపి, దిగి, అటు వెళ్ళి తలుపు తెరిచాను. ఏమీ అడగలేదు. ఆయన దిగి కారు పట్టుకుని నిలబడ్డాడు. అవతల మొక్కజొన్న తిరగదోస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"ఎంతలో ఉన్నాం?" అన్నాడు.

"రెండొందల పది."

"అబద్ధం చెప్పకే. కళ్ళు పోయాయి గానీ వీపు పోలా."

నిజానికి నూట అరవై కూడా దాటలేదు.

"మీ అత్తయ్యకి చెప్పకు," అన్నాడు.

చెప్పనక్కర్లేకపోయింది. ఇంటి దగ్గర ఆమె మెట్ల మీదికి వచ్చి ఆయన చెయ్యి అందుకుంది. అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులు చూసింది. తర్వాత వీపు మీద చెయ్యి వేసింది. "ఏసీ కారు కదా, చొక్కా ఇంత తడిసిందేంటి?" అంది. "భయమేసిందా?" అంది. కారు కోసం వచ్చిన రొయ్యలాయన వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు, ఆయన ముందే అంది. మావయ్య గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన కార్ల గురించి మాట్లాడటం మానేశాడు. నేను వెళితే వానలు పడ్డాయా, మీ వీధిలో నీళ్ళు నిలిచాయా అని అడిగేవాడు. షాపుకు ఏం బండ్లొచ్చాయని ఒక్కసారి కూడా అడగలేదు. కోతల కాలం వచ్చింది, ఆయన పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. నాకు తెలిసినంతవరకు ఆయన ఆ బైపాస్ మీద దిగిన రోజే సగం వెళ్ళిపోయాడు. ఆ మాట అత్తయ్యతో అనే ధైర్యం నాకు లేదు. ఆమెకు తెలియదనీ నేననుకోను.

సమాధి ప్రార్థనలో పాస్టరుగారు ఆయన సౌమ్యుడని, ఎవరినీ నొప్పించలేదని చెప్పారు. అత్తయ్య తలెత్తి, వేరే ఎవరి శవపేటికో తెచ్చారా అన్నట్టు చూసింది. మా చిన్నాన్నకు నవ్వొచ్చి దగ్గుకున్నాడు. నేను ఏడ్చాను, దిగి ఏడవమనేవాడు లేడు కాబట్టి బాగా ఏడ్చాను.

రొయ్యలాయన కారు టైర్లు మార్చడానికి మళ్ళీ షాపుకొచ్చింది. అత్తయ్యకు ఫోన్ చేశాను. రేపల్లె వచ్చి తీసుకెళతానంటే వద్దంది. బస్సులో బాపట్ల వచ్చింది. నేత చీర, చేతిలో చిన్న సంచీ, వాచీ. స్టాండులోంచి నడుచుకుంటూ వచ్చి కారు ముందు తలుపు దగ్గర ఆగి, ఎలా తెరవాలో తెలియక నా వైపు చూసింది. ఏ కారులోనూ ముందు సీటులో ఆమె కూర్చోగా నేను చూడలేదు. బెల్టు నేనే పెట్టాను.

"ఆయన పోయినంత వేగం పోవాలి," అంది.

"అంత వద్దు అత్తయ్యా. ఈ రోడ్డుకి ఎంత తగునో అంత పోతాను."

బైపాస్ ఇంకా తెరవలేదు. ఈసారి అవతలి దారి మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ముందు నిదానంగా వెళ్ళి చూసి వచ్చాం. భయమేస్తే చెయ్యెత్తమని చెప్పాను. తల ఊపింది. తొక్కాను.

వంద. నూట యాభై. నూట ఎనభై. ఇంజను గొంతు గాలిలో కలిసిపోయింది. కారు నేలకు అణిగి స్టీరింగు చేతిలో చిక్కబడింది. అతుకులు టకటకమని వెనక్కి పోయాయి. రెండొందలు. పక్కన పొలాలు, కాలవ, తాటిచెట్లు అన్నీ ఒకే చారలో కలిసిపోయాయి. వంతెన మీద గాలి నెట్టింది, సరిచేశాను. రెండొందల ఇరవై. ఒక క్షణం పక్కకు చూశాను. చెయ్యి లేస్తుందేమోనని, లేస్తే ఆపుదామని. ఆమె రెండు చేతులూ ఒళ్ళో సంచీ మీద ఉన్నాయి. బస్సులో కూర్చున్నట్టే కూర్చుంది.

"ఇంతేనా?" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. అది నా కోపం కాదు, ఆయన తరఫున వచ్చిన కోపం. ఒక మనిషి జీవితమంతా ఇచ్చిన దాన్ని అంత తేలిగ్గా తీసెయ్యడమా అనిపించింది. మరుక్షణమే, ఈ 'ఇంతే'లోనే కదా ఆమె జీవితమూ పోయిందనిపించింది. ఏమీ అనకుండా మెల్లగా కాలు తీశాను. అంత వేగం నుంచి కారు దిగిరావడానికి చాలా దూరం పడుతుంది. గాలి హోరు తగ్గింది, ఇంజను మళ్ళీ వినపడింది, పొలాలు విడివిడిగా పొలాలయ్యాయి.

టక్కున బెల్టు ఊడిన చప్పుడైంది. అత్తయ్య సంచీ భుజానికి తగిలించుకుని తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నావు?"

"ఆపావు కదా. దిగుతున్నా."

"ఆగలేదు! ఇంకా ఎనభైలో ఉన్నాం!"

ఆమె నమ్మలేదు. ముందున్న అంకె చూసింది, కిటికీ బయట చూసింది. అవతల వడ్లు కాళ్ళతో తిరగదోస్తున్న ఒకామె వెనక్కి జరిగిపోతోంది.

"ఆగినట్టే ఉంది కదే," అంది.

"అంత వేగం నుంచి దిగితే అట్టాగే ఉంటది. కాసేపు ఏదీ కదలనట్టు అనిపిస్తది."

పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సెలవుకొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి ఇల్లంతా అట్టాగే చూసేవాడు," అంది. "ఎవరూ కదలటం లేదన్నట్టు. ఆయనొస్తున్నాడని నేను తెల్లారకముందు నుంచి పరిగెడతానే ఉండేదాన్నమ్మాయ్."

కారు పక్కకు తీసి నిజంగా ఆపాను. ఇంజను కట్టేశాను. "ఇప్పుడు ఆగిందా?" అని అడిగింది. ఆగిందన్నాను. తలుపు తెరిచింది గానీ వెంటనే దిగలేదు. రోడ్డు మీది తెల్లగీతను కాసేపు చూసింది. ఒక కాలు కింద పెట్టి, నేల కదలటం లేదని చూసుకుని, అప్పుడు రెండో కాలు పెట్టింది.